సీసీఐఈ ల్యాబ్ సాధన: టైప్ చేసే ముందు ఫలితం రాసుకోండి

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఒక నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో ఐదేళ్ళుగా షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. సీసీఐఈకి (సిస్కో సంస్థ నెట్‌వర్క్ ఇంజనీర్లకు ఇచ్చే నిపుణుల స్థాయి సర్టిఫికెట్) ముందు పాసవ్వాల్సిన ఎన్‌కార్ రాత పరీక్ష పాసయ్యారు. వచ్చే ఏడాది సీసీఐఈ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ల్యాబ్, అంటే దాని ప్రాక్టికల్ పరీక్ష, రాయాలనుకుంటున్నారు. ల్యాబ్ ఒకసారి తప్పిన మీ మిత్రుడు వేగం చాలకే పోయిందని చెప్పడంతో, రోజూ గంటన్నర సేపు ఒకే వర్క్‌బుక్‌లోని కాన్ఫిగరేషన్లను (పరికరాలకు ఇచ్చే ఆదేశాలను) గడియారం పెట్టుకొని టైప్ చేస్తున్నారు. ఈ పద్ధతి సరైనదేనా, మొత్తం ఎంతకాలం పడుతుంది, ఏ వర్క్‌బుక్ మంచిది అని అడిగారు. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే మిగతా రెండింటి జవాబులు దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

మీ మిత్రుడికి సమయం చాలలేదన్నది నిజమే అయి ఉంటుంది. కానీ ఆ సమయం వేళ్ళ దగ్గర పోయి ఉండదు. ఒక బీజీపీ నైబర్‌ను (దారుల సమాచారం ఇచ్చిపుచ్చుకునే అవతలి రౌటర్‌ను) టైప్ చేయడానికి అలవాటున్నవారికి ఒక నిమిషం కూడా పట్టదు. ఆ నైబర్ ఎందుకు నిలబడలేదో తెలియక వెతకడానికి అరగంట పడుతుంది. నిలబడిన తర్వాత కూడా అడిగిన పని పూర్తయిందో లేదో తెలియక అనుమానంతో మళ్ళీ మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకోవడానికి ఇంకో అరగంట పడుతుంది. టైపింగ్ వేగాన్ని రెట్టింపు చేసుకున్నా, పరికరాలతో పనిచేసే 5 గంటల విభాగంలో మిగిలేది పది పదిహేను నిమిషాలు. ఒక పని ఎప్పుడు పూర్తయినట్టో ముందే తెలిసి ఉంటే మిగిలేది గంటకు పైగా ఉంటుంది. అందువల్ల మీరు ఇప్పుడు చేస్తున్న సాధనను ఆపి, దాని స్థానంలో నేను కింద చెప్పే సాధనను పెట్టమని కోరుతున్నాను.

పరీక్ష స్వరూపాన్ని క్లుప్తంగా గుర్తుచేస్తాను. మొత్తం 8 గంటలు. మొదటి 3 గంటలు డిజైన్ విభాగం. అందులో పరికరాలు ఉండవు, ఒక సంస్థ నెట్‌వర్క్‌కు సంబంధించిన పటాలు, ఈమెయిళ్ళు, అవసరాల పత్రాలు ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు, ఒక ప్రశ్న దాటిన తర్వాత వెనక్కి వెళ్ళే వీలుండదు. తర్వాతి 5 గంటలు డిప్లాయ్, ఆపరేట్, ఆప్టిమైజ్ విభాగం. ఇక్కడ పరికరాలు చేతిలో ఉంటాయి, ప్రశ్నల మధ్య ముందుకూ వెనక్కూ తిరగవచ్చు. రెండు విభాగాల్లోనూ విడివిడిగా కనీస మార్కులు దాటాలి, మొత్తం మీద కూడా దాటాలి. 2020 ఫిబ్రవరి 24న ఈ పరీక్ష పాత రౌటింగ్ అండ్ స్విచింగ్ స్థానంలోకి వచ్చినప్పుడు, తొలి కూర్పులో నెట్‌వర్క్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కు 30 శాతం, సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌కు 25 శాతం, ట్రాన్స్‌పోర్ట్, సెక్యూరిటీ అండ్ సర్వీసెస్, ఆటోమేషన్‌లకు తలా 15 శాతం కేటాయించారు. మీరు రాయబోయే కూర్పు సిలబస్ పత్రాన్ని సిస్కో సైటు నుంచి దింపుకొని, ముద్రించి, బల్ల ఎదుట గోడకు అంటించుకోండి. ఎన్‌కార్ పాసైన నాటి నుంచి 3 ఏళ్ళ లోపు ల్యాబ్ రాయాలి కనుక మీకు కంగారు పడాల్సినంత తక్కువ వ్యవధి ఏమీ లేదు.

నా మొదటి ప్రయత్నం గురించి చెప్పడం ఇక్కడ అవసరం. అది రౌటింగ్ అండ్ స్విచింగ్ ఐదవ కూర్పు: 2 గంటల ట్రబుల్‌షూటింగ్, 30 నిమిషాల డయాగ్నస్టిక్, ఐదున్నర గంటల కాన్ఫిగరేషన్. ప్రశ్నలు బయటపెట్టనని సంతకం చేసినందున ప్రశ్నను చెప్పను, నా తప్పు ఎలాంటిదో మాత్రం చెబుతాను. మధ్యాహ్నం మూడింటికల్లా అన్ని పనులూ పూర్తిచేశానని నమ్మాను. అంతకుముందు గంటలో చేసిన ఒక ఫిల్టరింగ్ పని, ఉదయం సరిగా పనిచేస్తున్న ఒక మార్గాన్ని మూసేసింది. దాన్ని నేను చూడలేదు, ఎందుకంటే ఉదయం ఆ పని పూర్తికాగానే దానికి టిక్కు పెట్టి వదిలేశాను. ఫలితం వచ్చిన రాత్రి కూర్చొని నా నోట్సులో ఉన్నదంతా గుర్తుచేసుకుంటే, నాకు ప్రతి ప్రశ్నకూ కమాండ్లు తెలుసు. ఏ ప్రశ్నకూ ముగింపులో రౌటింగ్ టేబుల్ (ఏ గమ్యానికి ఏ దారో రౌటర్ ఉంచుకునే జాబితా) ఎలా కనబడాలో మాత్రం నేను ముందుగా అనుకొని ఉండలేదు. రెండవ ప్రయత్నానికి ముందు ఏడు నెలలపాటు నేను మార్చుకున్నది ఈ ఒక్క అలవాటునే.

ఆ అలవాటు ఇది. సాధనలో ఏ పని మొదలుపెట్టినా కీబోర్డు ముట్టుకునే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి: ఈ పని పూర్తయ్యాక ఏ రౌటర్‌లో ఏ కమాండ్ కొడితే ఏ వరుస కనబడుతుంది, ఆ వరుసలో నెక్స్ట్ హాప్ (తర్వాతి రౌటర్), డిస్టెన్స్ (ఆ దారిని చెప్పిన ప్రోటోకాల్‌ను ఎంత నమ్మాలో చెప్పే అంకె, తక్కువైతే మేలు), మెట్రిక్ (ఆ దారి ఖర్చు) ఎంత ఉంటాయి, ఈ పని వల్ల ముందే పూర్తయిన పనుల్లో వేటికి తగిలే ప్రమాదం ఉంది. తర్వాత కాన్ఫిగర్ చేయండి. తర్వాత కాగితంతో పోల్చండి. రెండూ కలిస్తే ముందుకు వెళ్ళండి. కలవకపోతే, నెట్‌వర్క్ పనిచేస్తున్నా సరే, అక్కడే ఆగండి. పింగ్ (అవతలికి చేరుతోందో లేదో చూసే ప్యాకెట్) వెళుతోంది కదా అని దాటిపోయిన ప్రతిచోటా మీకు తెలియని విషయం ఒకటి ఉండిపోతుంది. మొదటి నెలలో ఇది విసుగు పుట్టిస్తుంది, పది ప్రశ్నలు చేసే సమయంలో మూడే అవుతాయి. మూడవ నెలకు కాగితం మీద రాయడానికి రెండు నిమిషాలు చాలు, ఆరవ నెలకు చాలా వరకు మనసులోనే అయిపోతుంది. అప్పుడు మీ మిత్రుడు చెప్పిన వేగం వస్తుంది.

ఉదాహరణ లేకుండా ఇది గాలిమాటగా ఉంటుంది కాబట్టి, అందరూ తడబడే రీడిస్ట్రిబ్యూషన్‌ను, అంటే ఒక రౌటింగ్ ప్రోటోకాల్‌లోని రూట్లను ఇంకోదానిలోకి పంచడాన్ని, తీసుకుంటాను. ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ అనే రెండు ప్రోటోకాల్‌లు నడిచే రెండు ప్రాంతాల మధ్య ఆర్‌1, ఆర్‌2 అని రెండు సరిహద్దు రౌటర్లు ఉన్నాయి. రెండూ ఇటుది అటు, అటుది ఇటు పంచుతున్నాయి. ఈఐజీఆర్‌పీ వైపు బయటి నుంచి తెచ్చి కలిపిన ఒక రూట్ ఉంది. ఈఐజీఆర్‌పీ తన సొంత రూట్లకు 90, బయటివాటికి 170 డిస్టెన్స్ ఇస్తుంది. ఓఎస్‌పీఎఫ్ దేనికైనా 110 ఇస్తుంది. ఆర్‌1 ఆ రూట్‌ను ముందుగా ఓఎస్‌పీఎఫ్‌లోకి పంచిందనుకుందాం. ఇప్పుడు ఆర్‌2 అదే రూట్‌ను రెండు వైపుల నుంచి వింటుంది. 170 కంటే 110 మెరుగు కనుక ఓఎస్‌పీఎఫ్ దారిని ఎంచుకుంటుంది. అంటే పక్కనే ఉన్న గమ్యానికి ఆర్‌2 ఊరంతా తిరిగి ఆర్‌1 మీదుగా వెళుతుంది. అంతటితో ఆగదు. ఆర్‌2 ఓఎస్‌పీఎఫ్ రూట్లను ఈఐజీఆర్‌పీలోకి పంచుతోంది కనుక, ఈ రూట్‌ను కూడా మళ్ళీ వెనక్కి పంచుతుంది. పంచేటప్పుడు మీరు ఇచ్చిన సీడ్ (తొలి) మెట్రిక్ అసలు దారి మెట్రిక్ కంటే మెరుగ్గా ఉంటే ఆర్‌1 కూడా ఆర్‌2నే నమ్ముతుంది. ఇక ప్యాకెట్ ఆ రెండింటి మధ్య తిరుగుతూనే ఉంటుంది.

వర్క్‌బుక్ పరిష్కారం అందరికీ తెలుసు: ఈఐజీఆర్‌పీ నుంచి ఓఎస్‌పీఎఫ్‌లోకి వెళ్ళేటప్పుడు ఒక ట్యాగ్ పెట్టు, తిరిగి వచ్చేటప్పుడు ఆ ట్యాగ్ ఉన్నవాటిని ఆపు. దీన్ని కంఠస్థం చేసినవారు ఇక్కడ టిక్కు పెడతారు. కాగితం మీద ముందే రాసుకున్నవారు మాత్రం ఆర్‌2 రౌటింగ్ టేబుల్ చూసి ఆగుతారు, ఎందుకంటే ట్యాగ్ లూప్‌ను ఆపింది కానీ ఆర్‌2 ఇంకా చుట్టుదారినే వాడుతోంది. 110, 170ల పోలిక మారలేదు. సరే, ఆర్‌2లో ఓఎస్‌పీఎఫ్ ఎక్స్‌టర్నల్ (బయటి రూట్ల) డిస్టెన్స్‌ను 180 చేద్దామంటే, ఓఎస్‌పీఎఫ్ వైపు నిజంగా బయటి నుంచి వచ్చిన రూట్లు ఉన్నప్పుడు అదే జబ్బు తలకిందులుగా వస్తుంది: ఆర్‌1 వాటిని ఈఐజీఆర్‌పీలోకి 170తో పంచుతుంది, ఆర్‌2 ఇప్పుడు వాటికి ఈఐజీఆర్‌పీ దారి పడుతుంది. ట్యాగ్‌ను పట్టుకొని ఓఎస్‌పీఎఫ్ కింద ఇన్‌బౌండ్ డిస్ట్రిబ్యూట్ లిస్ట్ వేద్దామంటే, ఆ రూట్ టేబుల్‌లోకి రాదు, దగ్గరి దారి నిలుస్తుంది; కానీ ఎల్‌ఎస్‌ఏ (ఆ రూట్ గురించిన ఓఎస్‌పీఎఫ్ ప్రకటన) డేటాబేస్‌లో ఉంటుంది, పక్క రౌటర్లకు వెళుతూనే ఉంటుంది. ఆర్‌2 ఈఐజీఆర్‌పీ లింకు పడిపోయిన రోజున, ఆర్‌2 వెనుక ఉన్న రౌటర్లు ఆర్‌1 వైపు వెళ్ళే ప్యాకెట్లను ఆర్‌2 చేతికే ఇస్తాయి, ఆర్‌2కు ఆ రూట్ లేదు కనుక పారేస్తుంది. అప్పుడు మిగిలిన దారి, ఆర్‌1 రౌటర్ ఐడీ నుంచి వచ్చే ఫలానా ప్రిఫిక్స్‌లకు (అడ్రసుల గుంపులకు) మాత్రమే యాక్సెస్ లిస్ట్‌తో (వాటిని ఎంచే జాబితాతో) డిస్టెన్స్‌ను 175కు పెంచడం. మామూలు రోజున 170 గెలుస్తుంది, లింకు పడిన రోజున 175 ఆదుకుంటుంది.

ఈ నాలుగు పరిష్కారాల్లో ఏది సరైనదో రౌటర్ చెప్పదు, ప్రశ్నలోని వాక్యం చెబుతుంది. ప్రతి రౌటర్ దగ్గరి దారినే వాడాలన్న వాక్యానికి డిస్ట్రిబ్యూట్ లిస్ట్ చాలు. ఏ ఒక్క లింకు పడిపోయినా రాకపోకలు సాగాలన్న వాక్యం దానికి తోడైతే చాలదు. యాక్సెస్ లిస్టులు వాడరాదన్న మూడో వాక్యం ఉంటే మళ్ళీ మొదటికి రావాలి. పూర్తికాని పనికి సగం మార్కులు ఉండవు కనుక ఈ వాక్యాలను చదవడం కాన్ఫిగర్ చేయడం కంటే బరువైన పని. సాధనలో మీరే ప్రశ్నలు తయారుచేసుకుంటున్నప్పుడు, ఒకే టోపాలజీకి (రౌటర్ల అమరికకు) ఒక్కో రోజు ఒక్కో షరతు మార్చి రాసుకోండి. ఒక టోపాలజీని ఇరవై రకాల షరతులతో చేసినవారు ఇరవై టోపాలజీలను ఒక్కోసారి చేసినవారి కంటే బాగా సిద్ధమవుతారని నా గట్టి అభిప్రాయం.

రెండవ ఉదాహరణ ఎంపీఎల్‌ఎస్ (ప్యాకెట్లను లేబుళ్ళ ఆధారంగా నడిపే పద్ధతి) నుంచి. ఇది నన్ను ఒక రాత్రంతా కూర్చోబెట్టింది, అందుకే చెబుతున్నాను. కస్టమర్లను కలిపే రెండు పీఈ (అంచు) రౌటర్లు, మధ్యలో ఒక పీ (లోపలి) రౌటర్, ఓఎస్‌పీఎఫ్, లేబుళ్ళు పంచే ఎల్‌డీపీ. లూప్‌బ్యాక్‌ల (రౌటర్ సొంత అడ్రసుల) మధ్య పింగ్ వెళుతోంది, కస్టమర్ రూట్లను మోసే వీపీఎన్‌వీ4 బీజీపీ సెషన్ నిలబడింది, వీఆర్‌ఎఫ్ (ఒక కస్టమర్‌కు విడిగా ఉండే రౌటింగ్) టేబుల్‌లో అవతలి కస్టమర్ రూట్లు కనబడుతున్నాయి, కస్టమర్ నుంచి కస్టమర్‌కు మాత్రం పింగ్ పోవడం లేదు. రూట్ టార్గెట్లు (ఏ రూట్ ఏ వీఆర్‌ఎఫ్‌కు చేరాలో చెప్పే గుర్తులు) మార్చి చూశాను, వీఆర్‌ఎఫ్ తీసి మళ్ళీ పెట్టాను. అసలు కారణం, ఒక పీఈ లూప్‌బ్యాక్‌కు 192.168.7.7/24 అని ఇచ్చి ఉన్నాను. ఓఎస్‌పీఎఫ్ లూప్‌బ్యాక్‌ను మాస్క్ (గీత తర్వాతి అంకె) ఏదైనా /32గానే, అంటే ఒక్క అడ్రసుగానే, ప్రకటిస్తుంది. ఎల్‌డీపీ మాత్రం ఆ పీఈ రౌటింగ్ టేబుల్‌లో ఉన్న /24కే లేబుల్ ఇస్తుంది. పీ రౌటర్ దగ్గర రూట్ /32కు ఉంది, లేబుల్ /24కు ఉంది, రెండూ కలవవు. మామూలు పింగ్‌కు లేబుల్ అవసరం లేదు కనుక అది వెళ్ళిపోతుంది. వీపీఎన్ ప్యాకెట్‌కు లోపలి లేబుల్ ఉంటుంది, పీ రౌటర్‌కు దాని అర్థం తెలియదు, కనుక అక్కడే ఆగిపోతుంది.

షో ఎంపీఎల్‌ఎస్ ఫార్వర్డింగ్ టేబుల్ కొట్టి ఉంటే, పాప్ లేబుల్ (పై లేబుల్ తీసి పంపు) అని ఉండాల్సిన చోట నో లేబుల్ అని కనబడేది. ఆ రెండు మాటల తేడా తెలిసినవారికి ఇది రెండు నిమిషాల పని: మాస్క్‌ను /32 చేయాలి, లేదా లూప్‌బ్యాక్ మీద ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ టైపును పాయింట్ టు పాయింట్‌గా మార్చి /24నే ప్రకటింపజేయాలి. ఏది చేయాలో, మళ్ళీ, అడ్రసులు మార్చవచ్చా లేదా అన్న వాక్యం చెబుతుంది. ఆ రాత్రి నుంచి ఎంపీఎల్‌ఎస్ పని దేనికైనా నా కాగితం మీద మొదటి వరుస ఒకటే: పీ రౌటర్‌లో ప్రతి పీఈ లూప్‌బ్యాక్ ఎదురుగా ఏ మాట కనబడాలి.

ఇలాంటి తప్పులు వాటంతట అవి తగిలేదాకా ఎదురుచూడకుండా, చేతులారా పెట్టుకొని సాధన చేయాలి. 1993లో సీసీఐఈ మొదలైన తర్వాత 2001 దాకా ల్యాబ్ రెండు రోజులు ఉండేది. రెండవ రోజున అభ్యర్థి కట్టిన నెట్‌వర్క్‌లోనే పరీక్షకులు తప్పులు పెట్టి కనిపెట్టమనేవారు. ఆ పద్ధతి పోయినా, సాధనకు దాన్ని మించినది నాకు కనబడలేదు. మీతోపాటు సిద్ధమవుతున్న మరొకరిని వెతుక్కోండి. శనివారం ఒకరి ల్యాబ్‌లో ఇంకొకరు ఐదు తప్పులు పెట్టాలి: ఒకవైపు ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) మార్చి ఓఎస్‌పీఎఫ్‌ను ఎక్స్‌స్టార్ట్ అనే మధ్య దశలో ఇరికించడం, టన్నెల్ గమ్యానికి రూట్ టన్నెల్ లోపలినుంచే వచ్చేలా చేసి అది పడుతూ లేస్తూ ఉండేలా చేయడం, ఐబీజీపీలో (ఒకే నెట్‌వర్క్ లోపలి బీజీపీలో) నెక్స్ట్ హాప్ సెల్ఫ్ ఆదేశాన్ని తీసేయడం వంటివి. వెతికే వ్యక్తి రన్నింగ్ కాన్ఫిగ్ చూడకూడదన్న నియమం పెట్టుకోండి. ఆపరేషన్స్ సెంటర్లో పనిచేసేవారిగా లక్షణం నుంచి కారణానికి నడవడం మీకు ఇప్పటికే అలవాటు ఉంటుంది. కొత్తవారికి లేని ఆ బలాన్ని టైపింగ్ సాధనకు తాకట్టు పెట్టకండి.

డీఎంవీపీఎన్ (బ్రాంచిల మధ్య టన్నెళ్ళను అవసరాన్నిబట్టి కట్టే వీపీఎన్) మూడవ దశలో హబ్ (కేంద్ర రౌటర్) మీద రీడైరెక్ట్, స్పోక్‌ల (బ్రాంచి రౌటర్ల) మీద షార్ట్‌కట్ పెట్టగానే పని అయిపోదు. స్పోక్ నుంచి స్పోక్‌కు మొదటి ట్రేస్‌రూట్ హబ్ మీదుగా, రెండవది నేరుగా వెళ్ళాలి, రౌటింగ్ టేబుల్‌లో ఎన్‌హెచ్‌ఆర్‌పీ (నేరు దారిని కనుక్కునే ప్రోటోకాల్) గుర్తు కనబడాలి. మీ కాగితం మీద రాయాల్సినవి అవే.

ఎస్‌డీ వ్యాన్‌లో (బ్రాంచిల నెట్‌వర్క్‌ను కేంద్రం నుంచి సాఫ్ట్‌వేర్‌తో నడిపే పద్ధతిలో) ఎక్కువమంది పొరబడేది కంట్రోల్ పాలసీ దిశ దగ్గర. ఇన్, అవుట్ అన్నవి బ్రాంచి రౌటర్ వైపు నుంచి కాదు, బ్రాంచిలకు రూట్లు పంచే విస్మార్ట్ వైపు నుంచి చూడాలి. ఒక బ్రాంచికి కొన్ని రూట్లు అందకూడదంటే ఆ బ్రాంచి ఉన్న సైట్ లిస్టుకు అవుట్ దిశలో వేయాలి. పేర్లు ఇప్పుడు మారి విమేనేజ్ మేనేజర్‌గా, విస్మార్ట్ కంట్రోలర్‌గా, విబాండ్ వ్యాలిడేటర్‌గా కనబడతాయి, పని అదే. కంట్రోల్ కనెక్షన్ నిలబడనప్పుడు పాలసీల జోలికి పోకుండా ముందు గడియారం, సర్టిఫికెట్, ఆర్గనైజేషన్ పేరు చూడండి. ఆర్గనైజేషన్ పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా కనెక్షన్ రాదు.

ఆటోమేషన్‌కు భయపడి పక్కన పెట్టేవారిని చాలామందిని చూశాను. 15 శాతాన్ని వదులుకొని ఈ పరీక్ష దాటడం చాలా కష్టం. మీరు ప్రోగ్రామర్ కానవసరం లేదు. జేసన్‌లో (డేటాను రాసే ఒక ఫార్మాట్‌లో) ఒక లిస్టు లోపలి డిక్షనరీ నుంచి విలువను తీయడం, ప్రోగ్రామ్ ద్వారా పరికరాన్ని నడిపే రెస్ట్‌కాన్ఫ్‌తో ఒక ఇంటర్‌ఫేస్ వివరణను మార్చడం, అలాంటిదే అయిన నెట్‌కాన్ఫ్ 830 పోర్టు మీద ఎన్‌సీక్లయింట్ అనే పైథాన్ లైబ్రరీతో కాన్ఫిగరేషన్ తెచ్చుకోవడం చేతికి రావాలి. రోజూ ఇరవై నిమిషాలు చాలు, కానీ మానకుండా చేయాలి. వేరొకరు రాసిన స్క్రిప్టు చదివి, నడపకుండానే దాని అవుట్‌పుట్‌ను కాగితం మీద రాయండి. ఇక్కడ కూడా అదే సాధన.

డిజైన్ విభాగానికి విడిగా సిద్ధమవ్వాలి. కమాండ్లు బాగా వచ్చినవారు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే వారికి ఎలా చేయాలో తెలుసు, ఎందుకు చేయాలో ఎవరూ అడగలేదు. ఆఫీసులో మీకు దొరికే పాత మార్పుల పత్రాలు దీనికి మంచి సామగ్రి. ఒక కొత్త బ్రాంచిని స్టాటిక్ రూట్లతో కాకుండా బీజీపీతో ఎందుకు కలిపారు, ఏరియా సరిహద్దులో సమ్మరైజేషన్ (చాలా రూట్లను ఒకటిగా ప్రకటించడం) ఎందుకు పెట్టారు, పెట్టకపోతే ఎప్పుడు ఏమవుతుంది అన్నవాటికి రెండేసి వాక్యాల్లో మీరే జవాబు రాసి, సీనియర్ ఎవరికైనా చూపించండి. పరీక్షలో ఒకే జవాబు అన్ని షరతులకూ సరిపోవాలి. మీకు నచ్చిన టెక్నాలజీ అని ఎంచుకోకూడదు. పత్రాలు వరుసగా తెరుచుకుంటూ కొత్త సమాచారం వస్తూ ఉంటుంది కనుక, అవసరాలనూ ఆంక్షలనూ రెండు వేరు వరుసల్లో రాసుకుంటూ వెళ్ళండి. వెనక్కి వెళ్ళి జవాబు మార్చలేరు.

సామగ్రి విషయం త్వరగా ముగిస్తాను. కంప్యూటర్‌లోనే రౌటర్లను నడిపే సాఫ్ట్‌వేర్లలో సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ గానీ ఈవీఈ ఎన్‌జీ గానీ ఒకటి చాలు. రౌటింగ్, ఎంపీఎల్‌ఎస్, డీఎంవీపీఎన్‌లకు 32 జీబీ మెమరీ ఉన్న మామూలు కంప్యూటర్‌తో ఎంతో దూరం వెళ్ళవచ్చు. ఎస్‌డీ వ్యాన్ కంట్రోలర్లు నడపాలంటే 64 జీబీ, ఆపైన అవసరమవుతుంది. వాడిన సర్వరు ఒకటి కొనుక్కొని ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మేలు. సిస్కో నెట్‌వర్క్ నిర్వహణ వేదిక డీఎన్‌ఏ సెంటర్‌ను (ఇప్పటి పేరు క్యాటలిస్ట్ సెంటర్) ఇంట్లో నడపడం ఆచరణలో కుదరదు, దానికి సిస్కో డెవ్‌నెట్ శాండ్‌బాక్స్ వాడుకోండి.

ఇక వర్క్‌బుక్. ఏదైనా పేరున్న ఒకటి తీసుకోండి, రెండు వద్దు. దాని జవాబుల పుటలను మాత్రం విడదీసి పక్కన పెట్టండి. అమీర్‌పేటలోనూ, ఆన్‌లైన్‌లోనూ అసలు ల్యాబ్ ప్రశ్నలు ఇవేనని చెప్పి అమ్మేవారు మీకు తప్పక ఎదురవుతారు. వాటి జోలికి వెళ్ళవద్దని ఎంతో ఆత్మీయంగా చెబుతున్నాను. దొరికితే సర్టిఫికేషన్ రద్దుచేసి, మళ్ళీ రాయకుండా నిషేధించే అధికారం సిస్కోకు ఉంది. దొరక్కపోయినా నష్టమే. మీ సీసీఐఈ నంబరు చూసి రేపు ఒక బ్యాంకో ఆసుపత్రో తన నెట్‌వర్క్‌ను మీ చేతిలో పెడుతుంది. అర్ధరాత్రి అది ఆగినప్పుడు కొనుక్కున్న జవాబులు పనికిరావు. అమీర్‌పేటలో నిజాయితీగా చెప్పే గురువులు కూడా ఉన్నారు, నేను బీజీపీ నేర్చుకున్నది అలాంటి ఒకరి దగ్గరే. తరగతిలో ఎన్ని ప్రశ్నలు ఇస్తారని అడగకండి. మేము కట్టిన ల్యాబ్‌ను మీరు చెడగొట్టి మాచేత బాగుచేయిస్తారా అని అడగండి.

ఎంతకాలం అన్నారు. షిఫ్టు ఉద్యోగంతో వారానికి 15 గంటలు నిజంగా కూర్చోగలిగితే సుమారు ఏడాది పెట్టుకోండి. నైట్ షిఫ్టు ముగిసిన ఉదయం కొత్త విషయం మొదలుపెట్టవద్దు. ఆ గంటలను అవుట్‌పుట్ చదవడానికి, స్క్రిప్టులు చదవడానికి వాడండి. మొదటి నాలుగు నెలలు ఒక్కో టెక్నాలజీ విడిగా, తర్వాతి నాలుగు నెలలు రెండు మూడు కలిపి, చివరి నాలుగు నెలలు పక్షానికొకసారి పూర్తి 8 గంటల సాధన. ఆ ఆదివారం ఫోను ఆపి, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే కుర్చీలో కూర్చోవాలి. ఆరవ గంటలో మనిషి బుద్ధి ఎలా మందగిస్తుందో ముందే చూసుకోవడం అవసరం. నేను చేసిన తప్పు ఆ గంటలోనే జరిగింది. సిస్కో డాక్యుమెంటేషన్ పరీక్షలో అందుబాటులో ఉంటుంది కానీ వెతికే పెట్టె మీద ఆశ పెట్టుకోకుండా, ఏ విషయం ఏ గైడులో ఏ అధ్యాయంలో ఉందో తెలిసేలా అలవాటు చేసుకోండి. వరుసగా మూడు పూర్తి సాధనల్లో 5 గంటల భాగాన్ని నాలుగుంపావు గంటల్లో ముగించి, మిగిలిన ముప్పావు గంటలో మీ తప్పులు మీరే పట్టుకోగలిగినప్పుడు తేదీ తీసుకోండి. నేను రాసిన రోజుల్లో రుసుము 1600 డాలర్లు, పన్నులు వేరు. ఆ మొత్తాన్ని తొందరపాటుకు ఖర్చు చేయడం మన జీతాలకు భారమే.

మీకు దగ్గర కేంద్రం బెంగళూరు. ఒకరోజు ముందే వెళ్ళి, కేంద్రానికి నడిచి వెళ్ళగలిగినంత దగ్గరలో బస తీసుకోండి. రాత్రి బస్సు దిగి నేరుగా పరీక్షకు వెళ్ళడం, ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ను నమ్మడం రెండూ వద్దు. రెండవ విభాగం మొదలుకాగానే 20 నిమిషాలు ఏమీ టైప్ చేయకుండా ప్రశ్నలన్నీ చదవండి. ఏ పని మరే పని మీద ఆధారపడి ఉందో ఒక కాగితం మీద గీతలు గీసుకోండి, ఒక్కో దాని పక్కన పూర్తయినట్టు చూపే ఒక్క కమాండ్ రాసుకోండి. ఒక పని 15 నిమిషాలు కదలకపోతే గుర్తు పెట్టి ముందుకు వెళ్ళండి. చివరి ముప్పావు గంటలో కొత్త పని ఏదీ మొదలుపెట్టకుండా, ఆ కాగితం మీది కమాండ్లను మొదటి ప్రశ్న నుంచి వరుసగా మళ్ళీ కొట్టండి, ఉదయం పెట్టిన టిక్కును నమ్మకుండా. ఏదైనా మారి ఉంటే చివరగా చేసిన రెండు మూడు పనుల్లోనే కారణం వెతకండి. ఆఖరి పది నిమిషాలు ప్రతి పరికరంలో కాన్ఫిగరేషన్ సేవ్ చేయడానికి ఉంచుకోండి. సేవ్ చేసిన తర్వాత, ఎంత చిన్న మార్పైనా సరే, ఇక ఏదీ మార్చకండి.